సిస్కో క్యాటలిస్ట్ స్విచ్ నిర్వహణ, డీబగ్ కమాండ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి కమాండ్లన్నీ సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లవి. 2960, 3850, 9200, 9300 వరుసల మీద పని చేసేవాళ్ళని మనసులో పెట్టుకుని రాశాను. మోడల్‌ని బట్టి మారేవి ఎక్కడికక్కడ చెప్పాను. చదవడానికి వీలుగా కమాండ్లు తెలుగు లిపిలో ఉన్నాయి. స్విచ్ మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. స్విచ్ తన దగ్గరున్న సమాచారం చాలావరకు ‘షో’ కమాండ్లలోనే చెప్పేస్తుంది. అది చదవకుండా డీబగ్ (లోపల జరిగేదాన్ని ఎప్పటికప్పుడు లైన్లుగా చూపించే కమాండ్) జోలికి, రీబూట్ జోలికి వెళ్ళొద్దన్నదే నా పట్టుదల.

స్విచ్‌కి పింగ్ పోవడం లేదు. లోపలికి ఎలా వెళ్ళాలి?

కన్సోల్ కేబుల్ (ల్యాప్‌టాప్‌ని నేరుగా స్విచ్‌కి కలిపేది) ఒక్కటే దారి. పుట్టీలో (ల్యాప్‌టాప్‌లో స్విచ్ తెర చూపించే ప్రోగ్రామ్) సీరియల్ ఎంచుకుని స్పీడు 9600, డేటా బిట్లు 8, ప్యారిటీ లేదు, స్టాప్ బిట్ 1, ఫ్లో కంట్రోల్ లేదు అని పెట్టండి. తెర ఖాళీగా ఉంటే రెండుసార్లు ఎంటర్ కొట్టండి. పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే ఎవరో స్పీడు మార్చారన్నమాట, 115200 పెట్టి చూడండి. మినీ యూఎస్‌బీ కన్సోల్ ఉన్న మోడళ్ళకి ల్యాప్‌టాప్‌లో డ్రైవర్ కావాలి. అది ఆఫీసులో ఉండగానే వేసుకోండి, సర్వర్ రూమ్‌లో నెట్ లేనప్పుడు దాన్ని వెతుక్కోవడం నరకం.

లోపలికి వెళ్ళాక మొదట ఏ కమాండ్ కొట్టాలి?

కమాండ్ కంటే ముందు పుట్టీలో లాగింగ్ ఆన్ చేసి, తెర మీద వచ్చేదంతా ఫైల్‌లో పడేలా చూసుకోండి. తర్వాత ‘టెర్మినల్ లెంగ్త్ 0’ కొడితే అవుట్‌పుట్ మధ్యలో ఆగకుండా వస్తుంది.

అప్పుడు ‘షో వెర్షన్’. ఇందులో రెండు లైన్లు కీలకం: అప్‌టైమ్, చివరిసారి రీలోడ్ అయిన కారణం. “రాత్రి నెట్ పోయింది సార్, పొద్దున దానంతటదే వచ్చింది” అని ఫోన్ వచ్చిందనుకోండి. అప్‌టైమ్ ఆరు గంటలని ఉండి, కారణం దగ్గర ‘పవర్-ఆన్’ అని ఉంటే కరెంటో, యూపీఎస్సో పోయిందని అర్థం. కాన్ఫిగరేషన్‌లో వెతకడం దండగ. ‘రీలోడ్ కమాండ్’ అని ఉంటే ఎవరో కావాలనే రీబూట్ చేశారు. క్రాష్ అని ఉంటే ఫ్లాష్‌లో క్రాష్‌ఇన్ఫో ఫైల్ కోసం చూడండి, సపోర్ట్ వాళ్ళకి అదే ఆధారం.

ఆ తర్వాత వరుసగా ‘షో క్లాక్’, ‘షో లాగింగ్’, ‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్’. ఈ నాలుగూ చూసేసరికి సమస్య కరెంటుదా, కేబుల్‌దా, లూప్‌దా (ట్రాఫిక్ గుండ్రంగా తిరిగేలా చేసిన తప్పు కనెక్షన్) అన్నది చాలాసార్లు తేలిపోతుంది.

లాగ్‌లో టైమ్ ముందు నక్షత్రం గుర్తు ఎందుకు వస్తోంది?

ఆ టైమ్‌ని నమ్మలేమని స్విచ్ తానే చెబుతోంది. టైమ్ సర్వర్‌తో గడియారం ఒక్కసారి కూడా సరిచూసుకోలేదని అర్థం. నక్షత్రానికి బదులు చుక్క ఉంటే ఒకప్పుడు సరిచూసుకుంది గానీ ఇప్పుడు ఆ సంబంధం తెగిందని. ‘ఎన్‌టీపీ సర్వర్’ తర్వాత మీ టైమ్ సర్వర్ ఐపీ, ‘క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30’, ‘సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్’ అన్న మూడు లైన్లతో ఇది తీరుతుంది. రెండు స్విచ్‌ల లాగ్‌లు పక్కపక్కన పెట్టి ఏది ముందు జరిగిందో చూడాల్సి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది.

ఇంకో సంగతి. డిఫాల్ట్‌గా లాగ్ బఫర్ 4096 బైట్లే. ఒక పోర్ట్ కాసేపు అప్, డౌన్ అయితే చాలు, పాత సమాచారమంతా కొట్టుకుపోతుంది. ‘లాగింగ్ బఫర్డ్ 64000’ అని పెంచండి. అయినా రీబూట్ అయితే బఫర్ పోతుంది, కాబట్టి ‘లాగింగ్ హోస్ట్’ పెట్టి సిస్‌లాగ్ సర్వర్‌కి కూడా పంపండి.

లింక్ లైట్ వెలుగుతోంది, పింగ్ కూడా వస్తోంది, కానీ ఫైల్ కాపీ నత్తనడక. ఏం చూడాలి?

ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. పింగ్‌లో పోయేవి చిన్న ప్యాకెట్లు, అవి ఎలాగోలా దాటేస్తాయి. కౌంటర్లు చూడాలి.

ముందు ‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్’లో ఆ పోర్ట్ ఎదురుగా డూప్లెక్స్ (ఫుల్ అంటే పంపడం, అందుకోవడం ఒకేసారి, హాఫ్ అంటే ఒకసారికి ఒకటే), స్పీడ్ ఏమని ఉన్నాయో చూడండి. ‘ఏ-ఫుల్, ఏ-1000’ అంటే ఆటో నెగోషియేషన్‌తో ఫుల్ డూప్లెక్స్, గిగాబిట్ కుదిరాయని. అదే ‘ఏ-హాఫ్, ఏ-100’ అని కనబడితే దొంగ దొరికినట్టే. అవతలి వైపు ఎవరో స్పీడు 100, డూప్లెక్స్ ఫుల్ అని చేత్తో బిగించారు. అటువైపు నుంచి నెగోషియేషన్ సమాచారం రాకపోతే ఆటోలో ఉన్న వైపు స్పీడు కనిపెట్టగలదు గానీ డూప్లెక్స్ కనిపెట్టలేదు. నియమం ప్రకారం హాఫ్‌కి దిగిపోతుంది. ఇక ఫుల్ ఉన్నవాడు ఎప్పుడు పడితే అప్పుడు పంపుతాడు, హాఫ్ ఉన్నవాడు దాన్ని ఢీకొట్టడంగా లెక్కేసుకుంటాడు.

ఇప్పుడు ‘షో ఇంటర్‌ఫేసెస్ గిగాబిట్ 1/0/14’ కొట్టండి, మీ పోర్ట్ నంబరు వేసుకుని. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా జరిగిన ఢీకొట్టుకోవడాలు) పెరుగుతుంటాయి, ఫుల్ వైపు సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో చెడిన ఫ్రేమ్‌లు), రంట్లు (మరీ పొట్టి ఫ్రేమ్‌లు) పెరుగుతుంటాయి. రెండు వైపులా సిస్కో పరికరాలే అయితే, సీడీపీ (పక్క పరికరం వివరాలు ఇచ్చిపుచ్చుకునే సిస్కో పద్ధతి) ఆన్‌లో ఉంటే, డూప్లెక్స్ మిస్‌మ్యాచ్ అని లాగ్‌లో పేరు పెట్టి మరీ చెబుతుంది. పరిష్కారం: రెండు వైపులా ఆటో. రాగి కేబుల్ మీద గిగాబిట్‌కి ఆటో నెగోషియేషన్ తప్పనిసరి కూడా.

కౌంటర్ చదివే పద్ధతి గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. సీఆర్‌సీ 48,000 అని కనబడగానే కేబుల్ మార్చకండి. ఆ పక్కనే ‘చివరిసారి కౌంటర్లు చెరిపింది: ఎప్పుడూ లేదు’ అని ఉంటుంది. ఆ అంకె రెండేళ్ళ కిందటిది కావచ్చు. ఉన్న అంకె రాసుకోండి, అయిదు నిమిషాలాగి మళ్ళీ చూడండి. పెరిగితేనే అది ఇవాళ్టి సమస్య. కావాలంటే ‘క్లియర్ కౌంటర్స్’ కొట్టవచ్చు గానీ, దానికి ముందు పాత అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి తీసుకోండి. ట్రాఫిక్ రేటు మామూలుగా 5 నిమిషాల సగటు చూపిస్తుంది. పోర్ట్ కింద ‘లోడ్-ఇంటర్వల్ 30’ పెడితే 30 సెకన్ల సగటు వస్తుంది, డీబగ్ చేసేటప్పుడు అది పనికొస్తుంది.

ఎర్రర్లేమీ లేకుండా ‘టోటల్ అవుట్‌పుట్ డ్రాప్స్’ మాత్రం పెరుగుతుంటే కేబుల్ తప్పేమీ లేదు. గిగాబిట్ మీద వచ్చింది 100 మెగాబిట్ పోర్ట్‌లోంచి వెళ్ళలేక క్యూ నిండి పోతోంది.

కేబుల్ ఎక్కడ తెగిందో స్విచ్ నుంచే తెలుసుకోవచ్చా?

రాగి కేబుల్ అయితే చాలా మోడళ్ళలో కుదురుతుంది. ‘టెస్ట్ కేబుల్-డయాగ్నస్టిక్స్ టీడీఆర్ ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 1/0/14’ కొట్టి, కొన్ని సెకన్లు ఆగి, ‘షో కేబుల్-డయాగ్నస్టిక్స్ టీడీఆర్ ఇంటర్‌ఫేస్ గిగాబిట్ 1/0/14’ కొట్టండి. ఏ, బీ, సీ, డీ అని నాలుగు జతలు విడివిడిగా వస్తాయి. మూడు జతలకి ‘నార్మల్’ అని, డీ జతకి మాత్రం ‘ఓపెన్’ అని, పక్కన 2 మీటర్లని ఉందనుకోండి. తెగింది స్విచ్ దగ్గరే. ప్యాచ్ కార్డో, ప్యాచ్ ప్యానెల్‌లో పంచింగో చూస్తే సరిపోతుంది, సీలింగ్ విప్పక్కర్లేదు. అదే 38 మీటర్లంటే అవతలి గోడ దగ్గర వెతకాలి. మీటర్ల లెక్కలో కొంచెం అటూ ఇటూ ఉంటుంది, ఆ తేడా ఎంతో కూడా పక్కనే చూపిస్తుంది.

గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కి రెండు చాలు. గిగాబిట్ పోర్ట్ ఉన్నట్టుండి 100కి పడిపోయిందంటే ఏదో ఒక జత పోయి ఉంటుందని మొదట అనుమానించేది అందుకే. టెస్ట్ నడిచేటప్పుడు లింక్ ఒకసారి పడిపోవచ్చు. సర్వర్ పోర్ట్ మీద పట్టపగలు చెయ్యకండి.

ఫైబర్ అయితే?

‘షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్సీవర్ డీటెయిల్’. వచ్చే వెలుతురు ఎంతో డీబీఎం లెక్కలో చూపిస్తుంది. పక్కన ఒక మైనస్ గుర్తుంటే తక్కువని హెచ్చరిక, రెండుంటే ప్రమాదం. ప్రతి 3 డీబీ తగ్గుదలకీ వెలుతురు సగమవుతుంది. మైనస్ 40 దగ్గర ఉంటే అసలు వెలుతురే రావడం లేదు: ఫైబర్ తెగింది, లేదా రెండు కొసలూ తారుమారయ్యాయి. ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ గుచ్చే మాడ్యూల్) మార్చే ముందు కనెక్టర్ తుడవండి.

పోర్ట్ ‘ఎర్రర్-డిజేబుల్డ్’ అయింది (తప్పు చూసి స్విచ్చే మూసేసింది). షట్, నో షట్ కొడితే సరిపోదా?

పోర్ట్ లేస్తుంది. కారణం పోకపోతే మళ్ళీ పడుతుంది. ముందు ‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్ ఎర్-డిజేబుల్డ్’ కొట్టి కారణం చదవండి. ‘బీపీడీయూగార్డ్’ అంటే యూజర్ పోర్ట్‌లో ఎవరో ఇంకో స్విచ్ తగిలించారు, లేదా లూప్ చేశారు. ‘పీసెక్యూర్-వయొలేషన్’ అంటే పోర్ట్ సెక్యూరిటీలో అనుమతించినవి కాక వేరే మ్యాక్ అడ్రస్ (పరికరం హార్డ్‌వేర్ చిరునామా) వచ్చింది. ‘లింక్-ఫ్లాప్’ అంటే తక్కువ సమయంలో లింక్ చాలాసార్లు పడి లేచింది, కేబుల్ చూడండి.

ఆటోమేటిక్‌గా లేవాలంటే ‘ఎర్‌డిజేబుల్ రికవరీ కాజ్’ తర్వాత కారణం పేరు ఇవ్వాలి. డిఫాల్ట్ వ్యవధి 300 సెకన్లు. లింక్-ఫ్లాప్‌కి ఇది పెట్టడంలో నాకు అభ్యంతరం లేదు. బీపీడీయూగార్డ్‌కి మాత్రం పెట్టొద్దంటాను. లూప్ అలాగే ఉంటే అయిదు నిమిషాలకోసారి పోర్ట్ లేస్తుంది, పడుతుంది, నెట్‌వర్క్ కుదుపుతుంది, ఎవరికీ కారణం అంతుపట్టదు.

నెట్‌వర్క్ మొత్తం ఒక్కసారిగా స్తంభించింది, స్విచ్ లైట్లన్నీ ఒకే తాళంలో కొట్టుకుంటున్నాయి. లూప్ ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి?

ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి ఆయుష్షు లెక్క లేదు. ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్ (ఎన్ని మజిలీలు దాటొచ్చన్న లెక్క) అయిపోతే చచ్చిపోతుంది, ఫ్రేమ్ అలా కాదు, లూప్‌లో పడితే తెంచేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఒక్క బ్రాడ్‌కాస్ట్ (అందరికీ వెళ్ళే ఫ్రేమ్) చాలు. దీన్ని ఆపడానికే 1985లో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీని (అదనపు దారులు మూసి లూప్ రాకుండా చూసే పద్ధతిని) రూపొందించారు. అది సరిగ్గా లేకపోతే ఎంత నష్టమో 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో కనిపించింది. స్పానింగ్ ట్రీ గొడవతో నెట్‌వర్క్ రోజుల తరబడి కుదురుకోలేదు, సిబ్బంది మళ్ళీ కాగితాల మీద రాసుకుంటూ పని నడిపారు.

కన్సోల్ తగిలించండి, టెల్నెట్, ఎస్‌ఎస్‌హెచ్ అందకపోవచ్చు. ‘షో లాగింగ్’లో మ్యాక్‌ఫ్లాప్ సందేశాలు వెతకండి. ఒకే మ్యాక్ అడ్రస్ రెండు పోర్ట్‌ల మధ్య ఊగుతోందని, ఆ రెండు పోర్ట్‌ల పేర్లతో సహా చెబుతుంది. అవే లూప్ వైపు దారి. ఒకటి అప్‌లింక్, ఇంకోటి యూజర్ పోర్ట్ అయితే యూజర్ పోర్ట్ షట్ చెయ్యండి. రెండూ వేరే స్విచ్‌లకి వెళ్ళేవైతే ‘షో సీడీపీ నైబర్స్’ చూసి ఆ స్విచ్‌కి వెళ్ళి అదే ప్రశ్న అడగండి.

లాగ్ దొరక్కపోతే ‘షో స్పానింగ్-ట్రీ డీటెయిల్’. ప్రతి వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్) కింద టోపాలజీ మార్పు ఎన్నిసార్లు జరిగింది, చివరిది ఎప్పుడు, ఏ పోర్ట్ నుంచి వచ్చింది అని ఉంటుంది. ఆ పోర్ట్ పట్టుకుని ఒక్కో స్విచ్చే దాటుకుంటూ వెళ్తే మూలం తగులుతుంది. మీటింగ్ రూమ్‌లో టేబుల్ కింద ప్యాచ్ కార్డ్ రెండు కొసలూ గోడలోని రెండు పోర్ట్‌లకి గుచ్చేయడం, ఐపీ ఫోన్ వెనకున్న రెండు పోర్ట్‌లనీ గోడకే తగిలించడం, ఎవరో తెచ్చుకున్న చిన్న స్విచ్: చాలాసార్లు కథ ఇంతే.

మంట ఆరాక రూట్ (స్పానింగ్ ట్రీకి కేంద్రంగా ఉండే స్విచ్) ఎవరో చూడండి, ‘షో స్పానింగ్-ట్రీ రూట్’. ప్రయారిటీ అందరికీ డిఫాల్ట్ 32768 అయితే తక్కువ మ్యాక్ అడ్రస్ ఉన్నది రూట్ అవుతుంది. పాత స్విచ్‌లకే తరచూ చిన్న మ్యాక్ ఉంటుంది గనుక మూలన పడి ఉన్న ముసలి స్విచ్ మీ నెట్‌వర్క్ మొత్తానికి రూట్ అయి కూర్చోవచ్చు. కోర్ స్విచ్ ప్రయారిటీ చేత్తో తగ్గించండి. యూజర్ పోర్ట్‌లన్నిటికీ పోర్ట్‌ఫాస్ట్ (స్పానింగ్ ట్రీ కోసం ఆగకుండా పోర్ట్ వెంటనే తెరవడం), బీపీడీయూగార్డ్, స్టార్మ్-కంట్రోల్ (బ్రాడ్‌కాస్ట్ మితిమీరితే ఆపడం) పెట్టండి.

ఫలానా కంప్యూటర్ ఏ పోర్ట్‌లో ఉందో ఎలా తెలుస్తుంది?

గేట్‌వే మీద ‘షో ఐపీ ఏఆర్‌పీ’తో ఐపీకి మ్యాక్ పట్టుకోండి. తర్వాత ‘షో మ్యాక్ అడ్రస్-టేబుల్ అడ్రస్’ పక్కన ఆ మ్యాక్ ఇవ్వండి. అప్‌లింక్ చూపిస్తే పక్క స్విచ్‌లో అదే కమాండ్. 300 సెకన్లు మౌనంగా ఉన్న పరికరం టేబుల్‌లోంచి జారిపోతుంది, కనబడకపోతే ముందు ఒక పింగ్ కొట్టండి.

డీబగ్ కొడితే స్విచ్ హ్యాంగ్ అవుతుందంటారు. నిజమేనా?

నిజమే, జాగ్రత్త లేకపోతే. డీబగ్ సందేశాలు తయారు చేసేది సీపీయూ. వాటిని 9600 స్పీడున్న కన్సోల్‌కి పంపాలంటే సెకనుకు దాదాపు 960 అక్షరాలే వెళ్తాయి. డీబగ్ వేల లైన్లు కక్కుతుంటే సీపీయూ ఆ పనిలోనే ఇరుక్కుపోతుంది, మీరు కొట్టే కమాండ్ కూడా అందుకోదు.

నేను పాటించే క్రమం ఇది. ముందు ‘షో ప్రాసెసెస్ సీపీయూ’ చూస్తాను. ఇప్పటికే 70 శాతం దాటి ఉంటే డీబగ్ ఊసెత్తను. తర్వాత కాన్ఫిగ్ మోడ్‌లో ‘నో లాగింగ్ కన్సోల్’, ‘లాగింగ్ బఫర్డ్ 64000 డీబగ్గింగ్’. అంటే సందేశాలు తెర మీదికి రాకుండా బఫర్‌లో పడతాయి. రెండో విండో తెరిచి అందులో ‘యూ ఆల్’ అని కొట్టి, ఎంటర్ కొట్టకుండా వదిలేస్తాను. ‘అన్‌డీబగ్ ఆల్’కి అది పొట్టి రూపం. అప్పుడు కావలసిన డీబగ్ ఒక్కటే పెట్టి, సమస్య ఒకసారి జరగనిచ్చి, రెండో విండోలో ఎంటర్ నొక్కుతాను. ఆపైన ‘షో లాగింగ్’ తీరిగ్గా చదువుకోవచ్చు.

‘డీబగ్ ఆల్’ ఎన్నడూ వద్దు. ‘డీబగ్ ఐపీ ప్యాకెట్’ పెట్టాల్సివస్తే యాక్సెస్ లిస్ట్ తగిలించకుండా పెట్టొద్దు. విండో మూసేసినంత మాత్రాన డీబగ్ ఆగదు. మీరు ఇంటికెళ్ళినా అది నడుస్తూనే ఉంటుంది. వెళ్ళే ముందు ‘షో డీబగ్గింగ్’ కొట్టి ఏమీ మిగల్లేదని చూసుకోండి. ఎస్‌ఎస్‌హెచ్‌లో డీబగ్ కనబడటం లేదంటే ‘టెర్మినల్ మానిటర్’ కొట్టలేదన్నమాట.

డీబగ్ పెట్టినా యూజర్ ట్రాఫిక్ ఒక్క లైను కూడా కనబడటం లేదు. ఎందుకు?

యూజర్ ట్రాఫిక్‌ని చిప్‌లే దాటించేస్తాయి, అది సీపీయూ దాకా రాదు. డీబగ్‌కి కనిపించేది సీపీయూకి వచ్చేదే: స్పానింగ్ ట్రీ, డీహెచ్‌సీపీ స్నూపింగ్ (ఐపీలు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ జవాబులపై నిఘా), స్విచ్ సొంత ఐపీకి వచ్చేవి. యూజర్ ప్యాకెట్లు చూడాలంటే ‘మానిటర్ సెషన్ 1 సోర్స్ ఇంటర్‌ఫేస్’, ‘మానిటర్ సెషన్ 1 డెస్టినేషన్ ఇంటర్‌ఫేస్’ పెట్టి, డెస్టినేషన్ పోర్ట్‌లో వైర్‌షార్క్ ఉన్న ల్యాప్‌టాప్ తగిలించండి. ఆ పోర్ట్ ఇక మామూలుగా పనిచేయదు. పనయ్యాక ‘నో మానిటర్ సెషన్ 1’ మరవకండి. 3850, 9300 మీద ‘మానిటర్ క్యాప్చర్’ కూడా ఉంది, ఫైల్ ఫ్లాష్‌లోకే వస్తుంది.

సీపీయూ 99%/45% అని చూపిస్తోంది. రెండు అంకెలేమిటి?

మొదటిది మొత్తం, రెండోది అందులో ఇంటరప్ట్‌ల (చేస్తున్న పని ఆపించి వెంటనే చేయించే పనుల) వాటా. ‘షో ప్రాసెసెస్ సీపీయూ సార్టెడ్’లో పైన ‘ఏఆర్‌పీ ఇన్‌పుట్’ ఉంటే లూపో, ఎవరో నెట్‌వర్క్ స్కాన్ చేయడమో చూడండి. ‘ఎస్‌ఎన్‌ఎంపీ ఇంజిన్’ ఉంటే మీ మానిటరింగ్ సాఫ్ట్‌వేరే స్విచ్‌ని పీడిస్తోంది, అడిగే వ్యవధి పెంచండి.

కంప్యూటర్‌కి 169.254తో మొదలయ్యే ఐపీ వస్తోంది.

డీహెచ్‌సీపీ అందలేదు. రెండు చోట్ల చూడండి. పోర్ట్‌ఫాస్ట్ లేకపోతే పోర్ట్ తెరుచుకోవడానికి 30 సెకన్లు పడుతుంది, ఈలోగా కంప్యూటర్ విసుగెత్తి ఊరుకోవచ్చు. డీహెచ్‌సీపీ స్నూపింగ్ పెట్టి అప్‌లింక్‌కి ‘ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ట్రస్ట్’ ఇవ్వకపోతే సర్వర్ జవాబులు అక్కడే ఆగిపోతాయి.

కెమెరా రాత్రిపూట మాత్రం ఆఫ్ అయిపోతోంది.

కెమెరాకి కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్ మీదే స్విచ్ నుంచి వెళ్తుంటే, ‘షో పవర్ ఇన్‌లైన్’ కొట్టండి. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగితే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. 802.3ఏఎఫ్ ప్రమాణం ఉన్న పోర్ట్ ఇచ్చేది 15.4 వాట్లు, 802.3ఏటీ అయితే 30. స్విచ్ మొత్తం బడ్జెట్‌లో ఇంకెంత మిగిలిందో కూడా అక్కడే ఉంటుంది.

దూరంగా ఉన్న స్విచ్‌లో మార్పు చెయ్యాలి. మధ్యలో తెగిపోతే?

ముందు ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టండి, సేవ్ చేయకుండా మార్పు చేయండి. తెగిపోతే పది నిమిషాల్లో స్విచ్ రీబూటై పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’, తర్వాత సేవ్. క్యాన్సిల్ మరిచిపోతే అసలుకే ఎసరు. రీబూట్ అక్కర్లేని పద్ధతి ఇంకా మేలు: ఆర్కైవ్ పాత్ (పాత కాన్ఫిగ్ దాచే చోటు) పెట్టుకుని ‘కాన్ఫిగర్ టెర్మినల్ రివర్ట్ టైమర్ 5’తో లోపలికి వెళ్ళండి. అయిదు నిమిషాల్లో ‘కాన్ఫిగర్ కన్ఫర్మ్’ కొట్టకపోతే మార్పులు వాటంతటవే వెనక్కి పోతాయి.

ట్రంక్ పోర్ట్ (చాలా వీల్యాన్లు ఒకే కేబుల్ మీద వెళ్ళే పోర్ట్) దగ్గర ఒక పదం విషయంలో ప్రాణం పెట్టాలి. కొత్త వీల్యాన్ 30 కలపడానికి ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30’ అనాలి. ‘యాడ్’ వదిలేస్తే ఉన్న వీల్యాన్లన్నీ పోయి 30 ఒక్కటే మిగులుతుంది. మీరు లోపలికొచ్చిన మేనేజ్‌మెంట్ వీల్యాన్ కూడా పోయినవాటిలో ఉంటుంది, మూడంతస్తులు ఒకేసారి ఆగిపోతాయి.

బ్యాకప్‌కి రన్నింగ్-కాన్ఫిగ్ ఒక్కటి చాలా?

చాలదు. వీటీపీ (వీల్యాన్ల జాబితాని స్విచ్‌ల మధ్య పంచే పద్ధతి) సర్వర్ మోడ్‌లో వీల్యాన్ల జాబితా కాన్ఫిగ్‌లో ఉండదు, ఫ్లాష్‌లో ‘వీల్యాన్.డాట్’ అనే ఫైల్‌లో ఉంటుంది. స్విచ్ కాలిపోయి కొత్తదానిలో కాన్ఫిగ్ ఎక్కిస్తే పోర్ట్‌లు లేస్తాయి, వీల్యాన్లు ఉండవు. ‘షో వీటీపీ స్టేటస్’లో మోడ్ చూసి ఆ ఫైల్ కూడా దాచుకోండి, లేదా ట్రాన్స్‌పరెంట్ మోడ్‌కి మారండి. వేరే చోట వాడిన స్విచ్ తెచ్చి తగిలించే ముందు దాని వీటీపీ రివిజన్ నంబరు కూడా చూడండి. డొమైన్ పేరు, పాస్‌వర్డ్ కలిసి నంబరు ఎక్కువున్నదైతే, వెర్షన్ 1, 2లలో అది మీ వీల్యాన్లన్నిటినీ తుడిచేయగలదు.

సేవ్ చేయని మార్పులేమైనా ఉన్నాయా అనేది ‘షో ఆర్కైవ్ కాన్ఫిగ్ డిఫరెన్సెస్’తో తెలుస్తుంది.

పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళెవరూ లేరు.

2960 లాంటివాటిలో కరెంటు తీసి, మోడ్ బటన్ నొక్కిపట్టి, కరెంటు ఇవ్వండి. ‘స్విచ్:’ అని వచ్చాక ‘ఫ్లాష్_ఇనిట్’, తర్వాత ‘కాన్ఫిగ్.టెక్స్ట్’ ఫైల్ పేరు మార్చి ‘బూట్’. లేచాక ఎనేబుల్ మోడ్‌లోకి వెళ్ళి, ఫైల్‌కి పాత పేరు పెట్టి, దాన్ని రన్నింగ్-కాన్ఫిగ్‌లోకి కాపీ చేసి, కొత్త పాస్‌వర్డ్ ఇచ్చి సేవ్ చేయండి. మేనేజ్‌మెంట్ వీల్యాన్ ఇంటర్‌ఫేస్ షట్‌లో ఉండిపోవచ్చు, ‘నో షట్‌డౌన్’ కొట్టండి. ఎవరైనా ‘నో సర్వీస్ పాస్‌వర్డ్-రికవరీ’ పెట్టి ఉంటే మాత్రం కాన్ఫిగ్ పోగొట్టుకోకుండా లోపలికి వెళ్ళే దారి లేదు.

నెలకోసారి చూడాల్సినవి ఏమిటి?

‘షో ఎన్విరాన్‌మెంట్ ఆల్’లో ఫ్యాన్, పవర్ సప్లై, ఉష్ణోగ్రత. విజయవాడ, రామగుండం ఎండల్లో ఏసీ లేని మెట్లకింది గదిలో ర్యాక్ ఉంటే మార్చి నుంచి వారానికోసారి చూడండి. ‘షో ఇంటర్‌ఫేసెస్ కౌంటర్స్ ఎర్రర్స్’ తీసి పోయిన నెలదానితో పోల్చండి. కాన్ఫిగ్ బ్యాకప్ నిజంగా సర్వర్‌కి చేరిందో లేదో ఫైల్ తెరిచి చూడండి.

పాత స్విచ్‌లలో ‘షో వీస్టాక్ కాన్ఫిగ్’ కూడా కొట్టండి. స్మార్ట్ ఇన్‌స్టాల్ (కొత్త స్విచ్‌ని దూరం నుంచే అమర్చే సౌకర్యం) ఆన్‌లో ఉంటే ‘నో వీస్టాక్’ పెట్టండి. 2018లో బయటపడ్డ భద్రతా లోపం, సీవీఈ-2018-0171, టీసీపీ 4786 పోర్ట్ మీద ఇందులోనే ఉంది.

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు రీలోడ్‌కి ముందు ‘వెరిఫై /ఎండీ5’తో ఫైల్‌ని సిస్కో సైట్‌లో ఇచ్చిన విలువతో పోల్చండి. సగంలో ఆగిన ఫైల్‌తో రీలోడ్ చేస్తే అర్ధరాత్రి కన్సోల్ కేబుల్ పట్టుకుని పరుగెత్తాలి.

సపోర్ట్‌కి కేసు పెట్టే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

‘షో టెక్-సపోర్ట్’ అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి పంపండి: ‘షో టెక్-సపోర్ట్ | రీడైరెక్ట్ ఫ్లాష్:టెక్.టెక్స్ట్’. తెర మీద తీస్తే చాలాసేపు పడుతుంది. దాన్ని రీబూట్‌కి ముందే తీయండి, రీబూట్ చేస్తే లాగ్, కౌంటర్లు, ప్రాసెస్‌ల స్థితి అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. సీరియల్ నంబరు, సమస్య మొదలైన టైమ్, ఆ రోజు చేసిన మార్పులు రాసి పెట్టుకోండి. పాస్‌వర్డ్‌లను చాలావరకు స్విచ్చే చెరిపేస్తుంది, అయినా పంపే ముందు ఫైల్‌ని మీరొకసారి చూసి, ఎస్‌ఎన్‌ఎంపీ కమ్యూనిటీ పేర్లేమైనా మిగిలి ఉంటే తీసేయండి.